చెప్పేదొకటి, చేసేదొకటి: వేడెక్కుతున్న భూమి మీద మన శీలం



ఉపాసకులారా, ఉపాసికలారా, ఈసారి పాఠం సూత్రంతో మొదలుపెట్టడం లేదు. నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడుతున్నాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మొన్న ఏప్రిల్ 14న పల్నాడులో ఒక ఊళ్లో జయంతి సభకి నన్ను వక్తగా పిలిచారు. నేను ఎంచుకున్న అంశం "పెరుగుతున్న ఎండలు, మన పేటలు". గుంటూరు నుంచి ఆ ఊరికి బస్సు ఉంది. పొద్దున్నే ఎక్కితే టైముకి దిగొచ్చు. కానీ సంఘం వాళ్లు కారు పంపుతామన్నారు, నేను వద్దనలేదు. ఏసీ వేసుకుని హాయిగా వెళ్లాను. సభ దగ్గర బుద్ధుడు, బాబాసాహెబ్, ఫూలే బొమ్మలతో ఫ్లెక్సీలు కట్టారు. కింది వరసలో నా ఫోటో కూడా ఉంది. ఎన్నిట్లో ఉందో లెక్కపెట్టుకున్నాను, దాచడమెందుకు. పదకొండు.

గంటసేపు మాట్లాడాను. బొగ్గు, పెట్రోలు కాలిస్తే ఏ వాయువు పైకి పోతుందో, అది దుప్పటిలా కప్పుకుని భూమి వేడిని ఎలా పట్టి ఉంచుతుందో, ఆ వేడికి ముందుగా రాలిపోయేది ఎవరో చెప్పాను. 2015 మే నెల గుర్తు చేశాను. ఆ వడగాడ్పులకి దేశం మొత్తం మీద 2,000 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మన ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. ఎండలో పని చేయక తప్పని కూలీలు, ముసలివాళ్లు, తలమీద నీడ లేనివాళ్లు. మా పెదనాన్న కూడా ఆ మే నెలలోనే బేల్దారి పనికి వెళ్లి అక్కడే పడిపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నిజంగానే వణికింది.

ప్రశ్నలుంటే అడగమన్నాను. ముందు వరసలో కింద కూర్చున్న ఒక పెద్దావిడ లేచింది. డెబ్బై దాటి ఉంటాయి.

"అబ్బాయ్, నువ్వు చెప్పిందంతా బానే ఉంది గానీ, నువ్వొచ్చిన కారు గంట నుంచీ అట్టా మోగతానే ఉందేంది?" అంది.

తిరిగి చూశాను. వేపచెట్టు కింద కారు. ఇంజన్ ఆపలేదు. డ్రైవరు తమ్ముడు లోపల ఏసీ వేసుకుని నిద్రపోతున్నాడు. జనం గొల్లున నవ్వారు.

నేనేం చేయాలి? దిగి వెళ్లి ఆపించాలి. అది చేయలేదు. మైకులోనే అన్నాను: "పెద్దమ్మా, మన కారొక్కటి ఆపితే ఎండ తగ్గుద్దా? ఆపాల్సింది అమెరికా వాళ్లు, ఆయిల్ కంపెనీల వాళ్లు." చప్పట్లు మోగాయి. పెద్దమ్మ కూర్చుంది. కారు మోగుతూనే ఉంది.

ఆ రాత్రి కుర్రాళ్లు థర్మోకోల్ ప్లేట్లు, నీళ్ల ప్యాకెట్లు, చిరిగిన ఫ్లెక్సీలు అన్నీ పేట చివర గుట్టగా పోసి తగలబెట్టారు. ఆ చివరి ఇల్లు పెద్దమ్మదే. ఈ సంగతి నాకు రెండు రోజుల తర్వాత ఫోన్‌లో తెలిసింది. ఫ్లెక్సీ అంటే పీవీసీ ప్లాస్టిక్. కాలిస్తే ఘాటైన ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి. భూమి వేడెక్కే లెక్కలో ఆ మంట చాలా చిన్నది. ఆవిడ ఊపిరితిత్తుల లెక్కలో చిన్నది కాదు.

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. నేను ఆవిడకి ఇచ్చిన జవాబు అబద్ధమా? కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

భారతదేశంలో ఒక్కో మనిషి లెక్కన ఏడాదికి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. అమెరికాలో ఒక్కో మనిషికి దాదాపు 14 టన్నులు. మన సగటులో కూడా మోసం ఉంది. బంజారాహిల్స్‌లో నాలుగు కార్లున్న ఇంటినీ, ఆ పెద్దమ్మ రేకుల ఇంటినీ ఒకే గాటన కట్టి చెప్పే అంకె అది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నప్పుడు అడిగింది ఏమిటి? అందరిదీ అయిన దాన్ని కొందరే ఎందుకు అనుభవించాలని. గాలి కూడా ఉమ్మడి చెరువు లాంటిదే. దాన్ని రెండు వందల ఏళ్లుగా పొగతో నింపింది కొందరు, ఆ చెరువు గట్టు తెగితే మునిగేది వేరేవాళ్లు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. 2004లో బీపీ అనే బ్రిటిష్ చమురు కంపెనీ జనం ముందు ఒక లెక్కల పట్టిక పెట్టింది. మీరు ఎంత దూరం ప్రయాణిస్తారు, ఇంట్లో ఎంత కరెంటు కాలుస్తారు, అన్నీ నింపితే మీ "కార్బన్ పాదముద్ర" ఎంతో అదే చెప్తుంది. ఆ మాట ఇవాళ లోకమంతా వాడుకలోకి రావడంలో ఆ కంపెనీ ప్రకటనల పాత్ర పెద్దది. సారా కొట్టు యజమాని బయట బోర్డు పెట్టి "నువ్వు రోజుకు ఎంత తాగుతున్నావో ఇక్కడ లెక్క చూసుకో" అన్నట్టుంది కదా. తాగేవాడి బాధ్యత లేదని కాదు. కానీ అమ్మేవాడు ఆ బోర్డు ఎందుకు పెట్టాడో మనకు అర్థం కావాలి.

ప్రభుత్వాల సంగతి చూడండి. 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలన్నీ కూర్చుని, 2020 నాటికి పేద దేశాలకి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాటిచ్చాయి. 2020లో ఆ మొత్తం చేరలేదు. వాళ్ల లెక్కల ప్రకారమే 2022లో గానీ చేరలేదు. మనిషి మాట తప్పితే ముసావాదం, అంటే అబద్ధం అంటాం. దేశాలు తప్పితే "చర్చలు కొనసాగుతున్నాయి" అంటారు.

కాబట్టి నేను మైకులో చెప్పింది నిజమే. అయితే ఆ క్షణంలో ఎందుకు చెప్పాను? నిజం తెలియాలని కాదు. పెద్దమ్మ కూర్చోవాలని. ఒక పెద్ద నిజాన్ని గొడుగులా పట్టుకుని నా చిన్న తప్పు మీద ఎండ పడకుండా చూసుకున్నాను. పీడితుల తరఫున మాట్లాడేవాళ్లకి ఈ గొడుగు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. అందుకే మనం మరీ జాగ్రత్తగా ఉండాలి.

దీనికి తలకిందులు ఎత్తు ఇంకొకటి ఉంది. అది అవతలివాళ్లు వేసేది. "ముందు నువ్వు మానెయ్, తర్వాత మాకు చెప్పు. నువ్వే మానలేదు కాబట్టి నువ్వు చెప్పేదంతా బూటకం."

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ మీద ఇదే ఎత్తు వేశారు. 2007 ఫిబ్రవరిలో, వాతావరణం మీద ఆయన కనిపించిన సినిమాకి ఆస్కార్ వచ్చింది. వెంటనే టెన్నెసీలో ఒక సంస్థ ఆయన ఇంటి కరెంటు బిల్లు బయటపెట్టింది. నాష్‌విల్‌లో ఆయన ఇల్లు 2006లో దాదాపు 2,21,000 యూనిట్లు వాడిందట. మామూలు అమెరికా ఇంటి వాడకానికి ఇరవై రెట్లు పైనే. కాలుష్యం లేని కరెంటుకి తాము అదనంగా డబ్బు కడుతున్నామని ఆయన తరఫువాళ్లు చెప్పుకున్నారు. ఏం చెప్పుకున్నా ఆ బిల్లు చూస్తే మనకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

కానీ ఆ బిల్లు వల్ల ఆయన చెప్పిన విషయం అబద్ధమైపోతుందా? హవాయి దీవిలో మౌనా లోవా అనే కొండ మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలుస్తున్నారు. మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. అల్ గోర్ ఇంట్లో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో ఆ కొండ మీది పరికరానికి తెలియదు, దానికి అక్కర్లేదు.

ఇక్కడ మనకి కాలామ సూత్రం కావాలి. కేసపుత్త గ్రామంలో కాలాములు బుద్ధుణ్ణి అడిగింది గుర్తుంది కదా. వచ్చిన ప్రతి గురువూ తన మాటే గొప్ప, ఎదుటివాడిది తప్పు అంటున్నాడు, మేం ఎవరిని నమ్మాలి అని. సంప్రదాయమనీ, గ్రంథంలో ఉందనీ, చెప్పేవాడు గొప్పవాడనీ, ఈయన మన గురువనీ నమ్మవద్దన్నాడు బుద్ధుడు. ఆ మాట వల్ల మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా చూసుకోమన్నాడు. మనం ఈ సూత్రాన్ని ఇప్పటిదాకా ఒక వైపు నుంచే చదివాం. రెండో వైపు కూడా ఉంది. చెప్పేవాడు గొప్పవాడని ఒప్పుకోకూడదంటే, చెప్పేవాడు లోపమున్నవాడని కొట్టెయ్యకూడదు కూడా. చెప్పినవాడి పుట్టుకని బట్టి మాటకి విలువ కట్టే పద్ధతిని వదిలి వచ్చినవాళ్లం మనం. చెప్పినవాడి కారుని బట్టి మాత్రం విలువ కడతామా?

అయితే ఇది వినేవాడి కోసం చెప్పిన మాట. చెప్పేవాడు దీన్ని అడ్డం పెట్టుకోకూడదు. "నా మాట చూడండి, నా బతుకు చూడకండి" అనే హక్కు వక్తకి లేదు.

కపటం అంటే అసలు ఏమిటి? చాలామంది అనుకునేది, చెప్పిన దానికి తక్కువగా చేస్తే కపటమని. అలాగైతే ఏ ఆదర్శమూ లేనివాడు ఒక్కడే నిజాయితీపరుడు. బీడీ మానాలని ప్రయత్నించి నెలకొకసారి తప్పేవాడు కపటి, "నేను మానతానని ఎవరికీ చెప్పలేదుగా" అని దర్జాగా కాల్చేవాడు సత్యసంధుడు అయిపోతాడు. ఇదేం లెక్క?

మనం ప్రతి సభలోనూ పంచశీల చెప్తాం. నోటికి వచ్చేసింది కాబట్టి మాటల మీద దృష్టి పోదు. ప్రతి శీలం చివరా "సిక్ఖాపదం" అన్న మాట వస్తుంది. సిక్ఖా అంటే శిక్షణ, నేర్చుకోవడం. పదం అంటే అడుగు. నేను హింస చెయ్యనివాణ్ణి అని అక్కడ మనం ప్రకటించుకోవడం లేదు. హింసకి దూరంగా ఉండటం నేర్చుకునే అడుగు ఒకటి స్వీకరిస్తున్నాను అంటున్నాం. నేర్చుకునేవాడు తప్పుతాడు. సైకిల్ నేర్చుకునే పిల్లాడు పడితే వాణ్ణి మోసగాడు అంటామా?

మరి మోసం ఎక్కడుంది? మజ్ఝిమ నికాయంలో వత్థూపమ సూత్రం ఉంది. మురికి బట్టకి ఏ రంగు అద్దినా సరిగా పట్టదన్న పోలికతో మనసుని పాడుచేసే పదహారు మలినాలని బుద్ధుడు చెప్పాడు. వాటిలో రెండు పక్కపక్కనే వస్తాయి: మాయా, సాఠేయ్యం. మాయా అంటే ఇక్కడ లోకమంతా మిథ్య అనే వేదాంతుల మాయ కాదు. చేసిన తప్పుని కప్పిపెట్టడం. సాఠేయ్యం అంటే లేని గుణాన్ని ఉన్నట్టు చూపించుకోవడం. ఒకటి మూత, ఇంకొకటి ముస్తాబు.

నా ఏప్రిల్ 14ని ఈ తూకంలో వేసి చూశాను. బస్సు ఉండగా కారెక్కడం సుఖానికి లొంగడం. అది బలహీనత, సరిదిద్దుకోవచ్చు. పదకొండు ఫ్లెక్సీల్లో నా మొహం చూసుకుని మురిసిపోవడం సాఠేయ్యం. పెద్దమ్మ ప్రశ్నని అమెరికా మీదికి తోసెయ్యడం మాయా. మూడింటిలో ఆఖరిదే ఎక్కువ హాని చేసింది. ఎందుకంటే ఆ రోజు అక్కడున్న కుర్రాళ్లంతా నా దగ్గర నేర్చుకున్నది వాతావరణ పాఠం కాదు, తప్పించుకునే పాఠం. రాత్రి ఫ్లెక్సీలకి నిప్పు పెట్టిన కుర్రాడు నా మాటలే అన్నాడట: "మన మంటొక్కటి ఆపితే ఎండ తగ్గుద్దా?"

తప్పు ఎత్తిచూపినప్పుడు ఎలా ఉండాలో వినయ పిటకంలో ఒక ఘటన ఉంది. మనం వర్షావాసం పాటిస్తున్నాం గానీ అది ఎలా పుట్టిందో చాలామందికి తెలియదు. మొదట్లో భిక్షువులు వానాకాలం కూడా ఊరూరా తిరిగేవాళ్లు. జనం సణగడం మొదలుపెట్టారు. మిగతా సన్యాసులంతా వానల్లో ఒకచోట ఉంటున్నారు, పిట్టలు కూడా గూళ్లలో ఉంటున్నాయి, ఈ శాక్యపుత్రులు మాత్రం పచ్చగడ్డి తొక్కుతూ, పురుగూ పుట్రా చంపుతూ తిరుగుతున్నారేమిటి అని. అంటే ఏమన్నట్టు? అహింస గురించి చెప్పేవాళ్లు మీరు, కాళ్ల కింద చేస్తున్నది మాత్రం హింస, అన్నట్టు.

బుద్ధుడు ఏం జవాబివ్వగలిగేవాడో ఆలోచించండి. "మీ బండి చక్రాల కింద ఎన్ని చస్తున్నాయి? మీ యజ్ఞాల్లో ఎన్ని పశువులు తెగుతున్నాయి? రాజుల యుద్ధాల ముందు మా భిక్షువుల అడుగులెంత?" ప్రతి మాటా నిజమే అయ్యేది. ఆయన ఒక్కటీ అనలేదు. మూడు నెలలు ఒకచోట ఉండమని భిక్షువులకి నియమం పెట్టాడు. అంతే. అలాగని యజ్ఞాల గురించి మాట్లాడటం ఆపలేదు. కూటదంత సూత్రంలో పశువుని చంపని, చెట్టు కొట్టని, కూలీలని ఏడిపించని యజ్ఞం గురించి రాజ్యాలు నడిపేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాడు. తన సంఘం అడుగు సరిచేసుకోవడమూ, పెద్దల హింసని ప్రశ్నించడమూ రెండూ సాగాయి. ఒకటి అయ్యేదాకా రెండోది ఆగలేదు. ఒకదాన్ని సాకుగా చూపి ఇంకోదాన్ని ఎగ్గొట్టలేదు.

ఆనందుడి వస్త్రాల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కౌశాంబిలో ఉదేన రాజు అంతఃపుర స్త్రీలు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలు దానం చేశారు. రాజుకి అనుమానం వచ్చింది. ఈ భిక్షువు బట్టల కొట్టు పెడతాడా ఏమిటి అని వచ్చి నిలదీశాడు. చిరిగిన బట్టలున్న భిక్షువులకి పంచుతాను అన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. అవీ పాతబడితే? నేలమీద పరుచుకునేవి. తర్వాత కాళ్లు తుడుచుకునేవి, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి? ముక్కలు చేసి మట్టిలో తొక్కి పూతకి వాడతాం. రాజుగారు సంతోషించి ఇంకో ఐదు వందలు ఇచ్చాడు. నాకు ఈ కథలో నచ్చేది పొదుపు ఒక్కటే కాదు. లెక్క అడిగితే ఆనందుడికి కోపం రాలేదు. లెక్క ఆయన దగ్గర సిద్ధంగా ఉంది.

మన ఇళ్లలో మా అమ్మలు, నానమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టి చేసింది ఇదే. దానికి ఎవరూ పర్యావరణం అని పేరు పెట్టలేదు. లేమి అన్నారు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒక అభ్యంతరం తీసుకుందాం. మన సభల్లో ఇది తప్పకుండా లేస్తుంది. "తరతరాలు చెప్పులు వేసుకోనివ్వలేదు. ఇప్పుడిప్పుడే ఒక బైకు, ఒక ఫ్రిజ్ కొనుక్కుంటున్నాం. ఇంతలోనే తగ్గించుకోమని మాకే నీతులా?"

ఈ కోపం న్యాయమైనది. ధమ్మంలో దరిద్రానికి పూజ లేదు. మతమనేది పేదరికాన్ని పవిత్రం చెయ్యకూడదని బాబాసాహెబ్ 1950లో మహాబోధి పత్రికలో రాసిన వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. ఒళ్లు ఎండగట్టుకునే తపస్సుని బుద్ధుడే వదిలేశాడు. రేకుల ఇంట్లో కూలర్ లేని మనిషికి కరెంటు తగ్గించుకోమని చెప్పడం ధమ్మం కాదు, పొగరు. ఆ పెద్దమ్మకి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి, గట్టి కప్పు కావాలి, ఎండలో పని చేయకుండా కూలి రావాలి. వాటికోసం పోరాడటమే వాతావరణ న్యాయం.

కానీ "మేము" అనే మాటలో ఆవిడా ఉంది, నేనూ ఉన్నాను. నేను ఉద్యోగస్తుణ్ణి. మా ఇంట్లో ఏసీ ఉంది, కారు లోను కోసం కాగితాలు నింపి ఉన్నాయి. బుద్ధగయకి రైలు ఉన్నా పోయినసారి విమానంలో వెళ్లాను. నా తగ్గింపు గురించి ఎవరన్నా అడిగితే ఆవిడ రేకుల ఇల్లు చూపించి తప్పించుకోవడం అదిన్నాదానమే, ఇవ్వనిది తీసుకోవడమే. ఆవిడ కష్టాన్ని ఆవిడకి చెప్పకుండా నేను వాడుకుంటున్నాను. రిజర్వేషన్‌తో ఎదిగిన మాలాంటివాళ్లు ఇది వింటే నొచ్చుకుంటారని తెలుసు. నాకూ నొప్పిగానే ఉంది.

ఏసీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లలోకి ఇప్పుడు వేగంగా వస్తున్నది అదే. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ల దాకా లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే పది యూనిట్లు అనుకోండి. మన దేశంలో కరెంటులో దాదాపు ముప్పావు వంతు బొగ్గు నుంచే వస్తోంది. ఇబ్రహీంపట్నం, రామగుండం, కొత్తగూడెం చిమ్నీలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అన్నీ కలిపి సగటున యూనిట్‌కి 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక రాత్రికి 7 కిలోలు. వేసవిలో డెబ్బై అయిదు రాత్రులు వేస్తే అర టన్ను పైనే. మోటు లెక్కే. కానీ మన సగటు మనిషి ఏడాది లెక్క 2 టన్నులని చెప్పుకున్నాం కదా, అందులో పావు వంతు నేను నిద్రపోతూనే ఖర్చుపెడుతున్నాను.

ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. గదిలో వేడిని ఎత్తి బయట పోస్తుంది. మా ఇంటి బయట పెట్టె సందులోకి ఉండేది. సందుకి అవతల ఒక అద్దె గది. అందులో అపార్ట్‌మెంట్లు ఊడ్చే ఆవిడ, ఇద్దరు పిల్లలు. వేసవిలో కూడా వాళ్ల కిటికీ మూసే ఉండేది. అలవాటేమో అనుకున్నాను. మా అమ్మాయే చెప్పింది, "నాన్నా, మన ఏసీ గాలి వాళ్ల ఇంట్లోకి కొడుతుంది, అందుకే మూస్తారు" అని. మూడేళ్లు. మూడేళ్లు నేను ఊరూరా తిరిగి ఎండల గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాను.

ఏసీ తీసెయ్యలేదు. మా అమ్మకి గుండె జబ్బు, పెదనాన్నని చూసినవాణ్ణి, ఆవిడ విషయంలో సాహసం చెయ్యను. బయట పెట్టెని మేడ మీదికి మార్పించాను. 18లో పెట్టుకునేది 26కి పెంచి, ఫ్యాను కలిపి వేస్తున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెప్తోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన కూడా పెట్టారు. గమనించారా, ఇది ఉపన్యాసంతో జరగలేదు, నిబంధనతో జరిగింది. లక్షల ఇళ్లలో ఒక్కసారే. అందుకే నా ఇంట్లో రిమోట్ నొక్కడం ఎంత అవసరమో, ప్రభుత్వాన్ని నొక్కడం అంత అవసరం.

కానీ ఇక్కడే ఇంకో గోతిలో పడతాం. నియమాల గోతి. స్ట్రా వాడకూడదు, సంచి పట్టుకెళ్లాలి, ఇన్ని డిగ్రీలే పెట్టాలి. అన్నీ పాటించి, పాటించనివాణ్ణి మైల పడ్డవాడిలా చూడటం మొదలుపెడతాం. మడి ఆచారం వెనక గుమ్మం నుంచి వచ్చేసినట్టే. 1936లో అచ్చయిన కుల నిర్మూలనలో బాబాసాహెబ్ నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం ఇలా చెయ్ అని చెప్పి ఊరుకుంటుంది. సూత్రం నువ్వే తూచి చూసుకోమంటుంది. నియమంతో నడిచే పనిలో బాధ్యత చచ్చిపోతుంది, సూత్రంతో చేసిన పనికే మనిషి బాధ్యుడవుతాడు. మా అమ్మకి ఏసీ ఉంచడం, ఖాళీ కారులో ఏసీ ఆపడం, రెండూ ఒకే సూత్రం నుంచి వచ్చాయి. నియమంగా రాస్తే రెండూ పొసగవు.

ఆ తూకం ఎలా వెయ్యాలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి, వాడు ఇంకా పిల్లాడుగా ఉన్నప్పుడే నేర్పాడు. అంబలట్ఠిక రాహులోవాద సూత్రం తెరిచి చదవండి. అద్దం ఎందుకు అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ప్రతి పనినీ చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు. ఇది నాకు హాని చేస్తుందా, ఇతరులకి చేస్తుందా, ఇద్దరికీనా అని. మాట కూడా పనే, ఆలోచన కూడా పనే. చేసేముందు తెలిస్తే మానుకో. మధ్యలో తెలిస్తే ఆపు. అయిపోయాక తెలిస్తే, గురువుకో తెలివైన తోటివాళ్లకో విప్పి చెప్పి, ఇకమీదట జాగ్రత్తపడు. పాపం కడుక్కోవడానికి గంగలో మునగమనలేదు. గుండెలు బాదుకోమనలేదు. విప్పి చెప్పమన్నాడు. మాయా అనే మూతకి ఇదే విరుగుడు.

నేను చేసేముందు చూసుకోలేదు. మధ్యలో పెద్దమ్మ చూపించినా ఆపలేదు. మూడో అవకాశం ఒకటే మిగిలింది, అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

మే నెలలో ఆ ఊరు మళ్లీ వెళ్లాను, బస్సులో. పెద్దమ్మ ఉపాధి పనికి వెళ్లి పదకొండింటికి వచ్చింది. నేను చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాను. ఆవిడ పూర్తిగా వినలేదు. "దానికేముందిలే అబ్బాయ్. ఆ పిలకాయలకి చెప్పు, మా ఇంటి ఎనకాల తగలెయ్యొద్దని" అంది.

సంఘం కుర్రాళ్లతో కూర్చున్నాం. తగలబెట్టడం ఆపుతామన్నారు. విస్తరాకులకి, స్టీలు గ్లాసులకి ఒప్పుకున్నారు. ఫ్లెక్సీల దగ్గర మాత్రం ఆగిపోయింది. ఎందుకంటే ఆ మండలంలో ఫ్లెక్సీ షాపు మన కుర్రాడిదే. లోను తీసుకుని మెషిన్ పెట్టాడు, ఇంకా మూడేళ్లు కిస్తీలున్నాయి. "గుడ్డ బ్యానర్ అంటే నా షాపు మూసుకోమని చెప్తున్నారా అన్నా?" అన్నాడు. సమ్మా ఆజీవో అని నా నోటికి వచ్చింది, మింగేశాను. జీతం వచ్చేవాడు కిస్తీ కట్టేవాడికి చెప్పాల్సిన పద్ధతి అది కాదు. గుడ్డ మీద అచ్చువేసే మెషిన్ ఎంతవుతుంది, సంఘాలన్నీ కలిసి ఎన్ని ఆర్డర్లు ఇవ్వగలవు అని లెక్క కడుతున్నాం. ఇంకా తేలలేదు. వచ్చే జయంతికి ఫ్లెక్సీలు ఉంటాయి, బహుశా తక్కువగా. నా ఫోటో ఉండదు, అది మాత్రం నా చేతిలో ఉంది.

మీ విహారంలో ఈ పాఠం చదివినప్పుడు ఒక పని చేయండి. బుద్ధుడి కాలంలో పౌర్ణమికీ అమావాస్యకీ భిక్షువులు కూర్చుని ఎవరి తప్పు వాళ్లు చెప్పుకునేవాళ్లు. వచ్చే పౌర్ణమికి మీరూ కూర్చోండి. పక్కవాడి తప్పు చెప్పొద్దు, ఎవరిది వాళ్లే. ఇంట్లో ఏసీ, కారు, మోటారు ఉన్నవాళ్లు వేసవి నెల కరెంటు బిల్లు తెచ్చుకోండి. లేనివాళ్లు ఖాళీ చేతులతో రండి, వాళ్లు ముందు వరసలో కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. గుంటూరులో మా విహారానికి నేను మే నెల బిల్లు తెస్తున్నాను. 412 యూనిట్లు.